కాంగో ముందే పడిన చోట

మాస్టారికి నమస్కారాలు. మీ బ్యాండులో కాంగో డ్రమ్ము వాయించిన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. అక్షరాలు వంకర పోయినా, తప్పులున్నా మన్నించండి. మీరు పోయాక రాస్తున్న మొదటి ఉత్తరం ఇది.

నిన్న ఇక్కడ ఈ పరాయి దేశంలో, సస్కటూన్‌లో చర్చి భోజనాలయ్యాక మన తెలుగు కాలేజీ పిల్లలు మీరు కట్టిన డిస్కో పాట పెట్టారు. కిటికీ బయట మంచు రాలుతోంది, లోపల మీ వయొలిన్లు. పిల్లలు నీళ్ళలో తేలుతున్నట్టు ఆడారు. పాటలో ఒకచోట మాత్రం అందరూ ఒక్కసారే, కాస్త ముందుగా ఎగిరారు.

"ఇక్కడ డ్రమ్ము ముందే పడుద్ది తాతగారూ, అదే అసలు కిక్కు!" అంది ఒకమ్మాయి.

అది ఆనాడు నేను తొందరపడి వేసిన దెబ్బ. రికార్డింగు ఆగిపోయి నాకు చెమటలు పట్టాయి. మీరు రబ్బరు తీసి వయొలిన్ల వాళ్ళ స్వరాల కాగితాలన్నీ దిద్దారు. "నువ్వట్లాగే కొట్టరా, వీళ్ళనే నీ వెనక తెస్తా" అన్నారు.

ఆ అమ్మాయికి మీ పేరు చెప్పాను. నా సంగతి చెప్పలేదు.

మీరున్నన్నాళ్ళూ అడగడానికి నోరు రాలేదు మాస్టారూ. ఆ దెబ్బ నచ్చే ఉంచారా, నా పని పోకూడదని ఉంచారా? ఏదైనా ఫరవాలేదు, త్వరగా జాబు రాయండి.