ఎలీషా గార్డు ఇంటివాళ్లు

యాకుత్‌పురా, హైదరాబాదు
ఆగస్టు, 1943

చిరంజీవి ఎలీషాకు,

నీ తల్లి రాహేలు దీవించి రాయునది. నేనూ నీ భార్య ఎస్తేరూ దేవుని దయవల్ల ఇంత తిని, ఇంత ప్రార్థన చేసుకుని, ఏ రోగమూ లేకుండా ఉన్నాం. పూర్ణాలో నీవు వేళకు తింటున్నావనీ, రాత్రి బండ్ల మీద చలిగాలి తగలకుండా చెవులకు గుడ్డ కట్టుకుంటున్నావనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. నా మోకాళ్ల సంగతి అడిగావు. మెట్లు దిగేటప్పుడు నొప్పి ఉంది, ఎక్కేటప్పుడు లేదు. వంటింటి మీద పెంకులు సర్దించాను, అయినా ఒక మూల కారుతూనే ఉంది. బియ్యం కోసం ఎస్తేరు తెల్లవారకముందే వరుసలో నిలబడుతోంది. కిరసనాయిలు దొరికిన రోజు పండగ. ఎస్తేరు ఎలా ఉందని ఒక్క ముక్క అడిగి, క్వార్టరు ఇంకా ఇవ్వలేదు, వానలు వెళ్లేదాకా ఆగమను అని రాశావు. పోయిన ఏడు కూడా వానలు వెళ్లేదాకా అనే రాశావు. ఎస్తేరుకు చదువు వచ్చినా ఉత్తరాలు నా పేరనే రాస్తావు కనుక, అది నేనే చదివి వినిపించాను. తల ఊపి చెరువు చేపలు కడగడానికి వెళ్లిపోయింది. మూడేళ్లుగా తన పెట్టె సర్ది మంచం కింద పెట్టుకుని ఉంది.

కాచిగూడ కబుర్లు రాయమన్నావు. ఈ మధ్య అది స్టేషన్‌లా లేదు. పటాలం బండ్లు పోవడమే పని. వాటికి దారి ఇవ్వడానికి మన ప్యాసింజర్లను మలక్‌పేటలోనే ఆపేస్తున్నారు, పిల్లలు ఏడుస్తుంటే జనం పట్టాల వెంబడి నడిచి వస్తున్నారు. వరండా నిండా డేరా గుడ్డల మూటలు. ఆ మూటలకు గుడ్డ ఉంది కాని ఆడవాళ్లు కూర్చునే జనానా హాలు పర్దాలకు లేదట. చిరిగిన చోటల్లా నేనూ, నాతోపాటు గేటు చూసే షౌకత్ బీ సూదితో కుట్టి వేలాడదీశాం. హిందూ నీళ్ల కుండ ఒకవైపు, ముసల్మాన్ నీళ్ల కుండ ఒకవైపు ఎప్పటిలాగే ఉన్నాయి. నేను ఎప్పటిలాగే ఇంటి నుంచి నా కూజా మోసుకుపోయాను.

ఆ స్టేషన్ కట్టిన ఏడాదే నీవు పుట్టావు. గుమ్మటాలకు సున్నం ఇంకా ఆరలేదు, నిన్ను ఎత్తుకుని మీ నాన్న వెనక నడిచి చూడటానికి వెళ్లాను. ఏ నవాబు కోటకో దారి తప్పి వచ్చామనుకున్నాను. అప్పుడు రైలు కంపెనీది. తరువాత సర్కారు కొనుక్కుంది, కోట్ల బొత్తాలు మారాయి, మనుషులు వాళ్లే. మీ నాన్న పార్సిలు గదిలోనే పోయినప్పుడు, మిషన్ బడిలో చదివాను, మూడు భాషల్లో టికెట్టు చదవగలను అని నన్ను జనానా గేటులో కూర్చోబెట్టారు. ఆ గేటు జీతంతోనే నీవు గార్డువయ్యావు. నీవు కూడా ఆ పర్దా పక్క బెంచీ మీదనే పలకమీద లెక్కలు చేశావు కనుక అక్కడి పద్ధతి నీకు నేను చెప్పనక్కర లేదు. అయినా చెబుతాను, ఎందుకో తరువాత తెలుస్తుంది.

మగతోడు లేకుండా బండి దిగిన ఆడవాళ్లు నేరుగా బయటికి పోరు. జనానా హాలులో కూర్చుంటారు. తీసుకుపోయే మనిషి బయట కాపలా ఉండే బాబూమియాకు పేరు చెబుతాడు, బాబూమియా పర్దా అవతలి నుంచి నాకు చెబుతాడు, నేను లోపల ఆ పేరు పిలుస్తాను. ఆడదాని పేరు హాలులో ఎవరూ పలకరు. ఇంటాయన పేరే పిలుస్తాం. ఆ పేరు ఎవరిదో ఆమె లేచి వస్తుంది.

ఆదివారాలు గేటు షౌకత్ బీది. పోయిన నెల ఒక ఆదివారం ఆమె కూతురికి నొప్పులు వచ్చాయి. ఎస్తేరును ఒక్కదాన్నే ఆరాధనకు పంపి, నేను షౌకత్ బీ బదులు గేటులో కూర్చున్నాను. మన్మాడు ప్యాసింజరు ఆలస్యంగా వచ్చింది. హాలు నిండింది. కొంతసేపటికి పర్దా అవతల బాబూమియా ఎవరినో అడగడం వినపడింది.

"ఎవరింటోళ్లు భాయ్?"

"పురుషోత్తం అని చెప్పు. నేనే తీస్కపోతా."

"నువ్వే తీస్కపో, ఎవడొద్దన్నడు? నీ ఇంటోళ్లేనా?"

"కాదు. దోస్తు ఇంటోళ్లు."

"గట్లయితే దోస్తు పేరు చెప్పు."

"నా పేరే చెప్పుమన్నడన్నా."

"వాడు చెప్తే అయితదా? మూటలైతే ఎవడొచ్చినా ఇచ్చేస్తం. ఆడోళ్లను ఇంటాయన పేరు లేంది ఇయ్యం. కాయిదా!"

"ఏం లొల్లి ఇది! సరే, రాస్కో. ఎలీషా. పూర్ణా గార్డు."

బాబూమియా పెద్దగా నవ్వాడు. "అరే, మన పిలగాడే! రాహేలమ్మా, నీ కోడలొచ్చిందే! మిఠాయి లేకుంట పర్దా తియ్యకు!"

నాకు ముందు ఎస్తేరే గుర్తుకు వచ్చింది. చర్చిలో ఏమైందో, ఎందుకు వచ్చిందో అని గాబరాగా లోపలికి వెళ్లి, ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ గట్టిగా పిలిచాను. "ఎలీషా గార్డు ఇంటివాళ్లు!"

మూల నుంచి ఒక పిల్ల లేచింది. చంకలో బిడ్డ.

ఆమె బురఖా ముసుగు వెనక్కి వేసుకుంది. నుదుట బొట్టు, మెడలో పసుపుతాడు. ఎవరి కంటా పడకూడదనేమో, ఎవరి దగ్గరో అరువు తెచ్చిన బురఖా అది, పాదాల మీద పడి తట్టుకుంటోంది. ఇంకెవరైనా ఎలీషా ఉన్నాడేమోనని నేను దేవుణ్ణి ఆ అయిదు అడుగులూ అడుగుతూనే నడిచాను. బిడ్డ ఎడమ చెవి తమ్మె మడత పడి ఉంది. మీ నాన్న చెవి అది, నీ చెవి.

"మీదే ఊరు బిడ్డా?" అన్నాను.

"బాసర దిక్కమ్మా. ఇప్పుడు పూర్ణాల ఉంటున్నం, రైల్వే క్వార్టర్ల. రెండర్రలు. నల్లా కూడ లోపట్నే ఉన్నది."

"క్వార్టర్ ఎప్పుడిచ్చిన్రు?"

"గీ పిలగాడు కడుపులున్నప్పుడే. వీనికి కండ్లు ఎర్రగైతున్నయమ్మా, పొద్దున్నే తెర్వలేడు. పెద్ద దవాఖానల చూపెడ్దమని వచ్చిన. ఆయనకు సెలవు దొరకలే. ఆదివారమే పో, ఇంకో రోజు వద్దు అన్నడు."

"తోడు మీ అత్తమ్మను తెచ్చుకోకపోయినవా?"

"ఏడున్నది? ఆయన చిన్నగున్నప్పుడే సచ్చిపోయిందంట పాపం. మస్తు మంచిదంట. యాది చేసుకోని రోజుండదు."

నా కొంగు కొస కూజాలో తడిపి బిడ్డ కళ్లు తుడవబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఏ నీళ్లమ్మా?" అంది. మా ఇంటి నీళ్లు అన్నాను. చెయ్యి తీసింది. పుష్పమ్మ అని తన పేరు తనే చెప్పింది. నేను పర్దా ఎత్తి, పద్ధతి ప్రకారం, పురుషోత్తానికి అప్పగించాను. బాబూమియా మిఠాయి అడగలేదు. నా ముఖం చూసి వాడు బీడీ ఆర్పేశాడు.

ఎలీషా, ఆదివారం నేను చర్చిలో ఉంటానని నీకు తెలుసు. నా కడుపున పుట్టి నా భక్తిని టైంటేబుల్ చూసినట్టు చూసుకున్నావు. నన్ను చంపావు, అది నేను ఓర్చుకుంటాను. చంపి, రోజూ తలుచుకుంటావట, అది ఓర్చుకోలేకపోతున్నాను. నీ కోసం ఎప్పటిలా మోకాళ్ల మీద ఉంటున్నాను కాని నోట్లోకి మాట రావడం లేదు.

ఇంతవరకు నీకు రాయని మాట ఒకటుంది. ఆ సాయంత్రమే ఎస్తేరుకు అంతా చెప్పేశాను. చెప్పకుండా ఉండమని, ఇంటి పరువని నా మనసు నాతో చాలాసేపు వాదించింది. కాని నీ మాటలు నా నోటితో చదివి వినిపిస్తూ మూడేళ్లు ఆమెను కూర్చోబెట్టింది నేను. మాదన్నపేట నుంచి తెచ్చిన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది.

"పిలగాని కండ్లకు ఏమన్నరంట అత్తమ్మా?" అంది.

"నాకు తెల్వదు బిడ్డా."

"పెద్దగైతే ఎట్ల మరి? కండ్లు మంచిగ లేకుంటే తండ్రి లెక్క రైల్వేల తీస్కోరు." అని నవ్వింది. ఆ నవ్వు నీవు వినవలసింది. తరువాత మంచం కిందినుంచి పెట్టె లాగి, బట్టలు తీసి దండెం మీద ఆరేసింది. "ఇగ క్వార్టర్ ముచ్చట ఆయన్ను అడగకున్రి" అంది.

పాదిరిగారికి చెబుదామా అన్నాను. ఆయన రైల్వే దొరలకు చెప్పాడంటే నీ ఉద్యోగం పోతుంది. "నౌకరి పోతే ఆ పిల్ల, ఆ పిలగాడు ఏం తింటరు?" అంది. నీ పెళ్లాం నీ మీద జాలితో అనలేదు, అలా పొరపాటు పడకు.

నీ ఉత్తరం చివర ఇంకో సంగతి రాశావు. గార్డు తల్లి జనానా గేటులో బేగముల కుర్చీలు సర్దడం నామోషీ, వెంటనే మానుకొమ్మని. నామోషీ అన్నది సాకు, ఆ ఆదివారం సంగతి పురుషోత్తం నీ చెవిన వేశాడనుకుంటాను. నీ మాట విన్నాను. పోయిన వారం రాజీనామా ఇచ్చేశాను. నా చోట ఎస్తేరును పెట్టుకోమని స్టేషన్ పెద్దదొరను అడిగాను. ఆయన దానిచేత ఇంగ్లీషు టికెట్టు ఒకటి, ఉర్దూ టికెట్టు ఒకటి చదివించి, సరే అన్నాడు. ఇప్పుడు పొద్దున్నే యాకుత్‌పురాలో బండెక్కి అదే పోతోంది. ఆదివారాలు కూడా తనే కూర్చుంటానంది. షౌకత్ బీకి మనుమరాలిని ఎత్తుకోవడానికి తీరిక కావాలి కదా.

పుష్పమ్మను ఏమీ అనకు, చెయ్యి చేసుకోకు. నేనెవరో ఆ పిల్లకు ఇప్పటికీ తెలియదు. బిడ్డ కళ్లు ఒక్కసారి చూపిస్తే తగ్గేవి కావు, డాక్టరు మళ్లీ రమ్మనే ఉంటాడు. వైద్యం మధ్యలో ఆపితే చూపు పోతుంది, నీవు ఆ పాపం కూడా మూటగట్టుకోకు. వెంటనే పంపు. పూర్ణా నుంచి ఇక్కడికి వేరే దారి లేదు, వేరే గేటూ లేదు. బాబూమియా ఇంటాయన పేరు అడుగుతాడు. నీ పేరు ఎస్తేరు పిలుస్తుంది.

ఇట్లు,
ఎస్తేరుకు అత్త,
రాహేలు