రద్దయిన పంట కాపలా తుపాకి

బూన్ లే, సింగపూరు
19-9-1999

జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, గుట్టకిందపల్లె కాపురస్తుడు, ప్రస్తుతం సింగపూరు ఓడల యార్డులో వెల్డరు మారయ్య విన్నవించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: జైలుశిక్ష కారణముగా రద్దయిన పంట కాపలా తుపాకి లైసెన్సును తిరిగి మంజూరు చేయుట గురించి. మూడవ అర్జీ.

1. నాకు గుట్ట వారన మూడెకరాల వేరుశనగ చేను కలదు. అడవిపందుల బెడదకుగాను ఒంటిగొట్టం నాటు తుపాకికి లైసెన్సు ఉండెను. 1989లో బావి నీటి వంతు గురించి పక్క చేను కొండయ్యతో మాటామాటా పెరిగి, చేతనున్న ఆ తుపాకి మడమతోనే అతని మోచేతిపై కొట్టితిని. ఎముక విరిగినది. తుపాకి పేలలేదు. పేలకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు. కోర్టువారు ఏడాది జైలు విధించిరి. తప్పు నాదే గనుక అప్పీలు చేయలేదు.

2. విడుదలై ఎనిమిదేళ్ళయినది. అయిదేళ్ళు ఆగవలెనన్నారు, ఆగితిని. మొదటి అర్జీని 'పూర్వ నేరస్థుడు' అని ఒక్క మాట వ్రాసి తిప్పి పంపిరి. రెండవదానికి, పదిహేను రోజులలో స్వయముగా హాజరు కావలెనని ఉత్తరువు వచ్చెను. అది మా ఇంటికి చేరి, అక్కడినుండి నాకు అందునాటికి గడువు దాటి నెల. అప్పుడు నేను ఇక్కడ ఓడ అడుగున వెల్లకిలా పడుకొని వెల్డింగు చేయుచుంటిని.

3. పాస్‌పోర్టు ఇచ్చునప్పుడు పోలీసువారే విచారించి నన్ను దేశం దాటనిచ్చిరి. ఇక్కడివారు ఇనుమును కరిగించు మంటను నా చేతికిచ్చిరి. ఏడాదిన్నరలో నా వల్ల ఎవరికీ చిన్న బొబ్బ కూడా లేవలేదు.

4. పందులు ఈ ఏడు రెండెకరాలు పెకలించినవి. నా భార్య బాలనాగమ్మ మంచె మీద కూర్చుని డబ్బా వాయించుచున్నది. అవి ఆ చప్పుడుకు అలవాటు పడినవి. పోయిన వారం దిగి తరమబోగా, ఒకటి తొడపై కుమ్మినది. ఏడు కుట్లు పడినవి. ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు. కొండయ్య ఫోను చేసి చెప్పెను.

"మారన్నా, నా చెయ్యి ఇరగ్గొట్టింది నువ్వే. అది నేను మర్చిపోలా. కానీ పందులు ఇద్దరి చేన్లూ తింటాండాయి. ఆ తుపాకి ఇడిపించుకో, నాకేం అభ్యంతరం లేదని రాసిస్తా" అన్నాడు.

అతని సమ్మతి పత్రము విడిగా తమకు అందును.

5. ఈ అర్జీ వ్రాసిపెట్టుచున్నది మా జిల్లా అమ్మాయి హైమావతి. ఇక్కడి సెరంగూన్ పేటలో ఆమె ఫ్లాటు. రెండువేల సంవత్సరం రాకముందే బ్యాంకు కంప్యూటర్లలో తేదీలు సరిచేసే ఉద్యోగం. నేను గట్టిగా చెప్పబోతే, లేచి తలుపు వేసింది. "మెల్లగా అంకుల్. ఈ దేశంలో తుపాకి అనే మాట లిఫ్టులో కూడా అనకూడదు" అన్నది. జనవరిలో ఒప్పందం ముగిసి వచ్చుచున్నాను. ఈలోగా విచారణ ముగించవలెనని ప్రార్థన.

నాకు నలభై తొమ్మిదేళ్ళు. నాలుగవ అర్జీకి ఓపిక లేదు. దీనినైనా పూర్తిగా చదివి చిత్తగించవలెను.

అలసిన తమ విధేయుడు,
మారయ్య

తా.క.: కవరు అంటించే ముందు ఇంటికి ఫోను చేసి ఇదంతా బాలనాగమ్మకు చదివి వినిపించాను. చివరిదాకా విన్నది.

"చేన్లో ఉండేది నేను. పంది కుమ్మింది నన్ను. జైలుకు పోయింది నువ్వు. మల్ల లైసెన్సు నీ పేర్న ఎందుకంట?" అన్నది.

"నీకు కాల్చను రాదు గదా" అన్నాను.

"నువ్వు పుట్టుకతో నేర్చుకున్యావా?" అన్నది.

అయ్యా, ఇన్నేళ్ళూ నా పేరు మళ్ళీ ఎక్కించుకోవాలనే తిరిగాను. ఆమె పేరున అడగవచ్చని నాకు తోచనే లేదు. మళ్ళీ రాయమంటే హైమావతికి రేపు డ్యూటీ. కనుక పైన లైసెన్సు అడిగిన చోటల్లా బాలనాగమ్మ అని చదువుకోండి. నేరం దగ్గర మాత్రం నా పేరే ఉంచండి.