ఇది హిస్టరీ కాదు

ఏప్రిల్ 24

మా అమ్మాయి గీతాంజలి టీసీ తెచ్చాను. నా రిజైన్ లెటర్ కూడా అక్కడే ఇచ్చేశాను. పదకొండేళ్ళు ఆ స్కూల్లో సోషల్ చెప్పాను. కరస్పాండెంట్ కుర్చీలోంచి లేవను కూడా లేదు. హోమ్‌స్కూలింగ్ అనేది బెంగుళూరు వాళ్ళ సరదా అని, ధర్మవరంలో పిల్లను ఇంట్లో ఉంచితే మగ్గం పనికి పెట్టారనుకుంటారని అన్నాడు.

మా ఆయన వేణు పెనుకొండలో డ్యూటీ దిగి వచ్చి ఒకటే మాట చెప్పాడు. జూన్ 12న స్కూళ్ళు తెరుస్తారు. ఆలోగా పిల్ల నా దగ్గర కుదురుగా చదువుతున్నట్టు ఆయనకు కనిపించాలి. లేదంటే హిందూపురం హాస్టల్. ఏడో క్లాసుకే హాస్టలా అన్నాను. మా వీధిలోంచి హాస్టల్‌కు పోయిన నలుగురి పేర్లు చెప్పాడు.

ఎందుకు మాన్పించావని అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు. ఆ స్కూలు బాగాలేదు.

ఏప్రిల్ 30

మాథ్స్, సైన్స్, తెలుగు, ఇంగ్లీష్ ఒక్క పూటలో తేలిపోయాయి. హిస్టరీ దగ్గర ఆగిపోయాను. హిస్టరీ టీచర్‌కి హిస్టరీ పుస్తకం దొరకడం లేదు. నవ్వొస్తోంది.

స్టేట్ బుక్ వద్దు. ఇన్నేళ్ళూ దాన్ని నమిలి పిల్లల నోట్లో పెట్టింది నేనే. ఎన్‌సీఈఆర్‌టీ నయమే, కానీ అదే చదివించేదానికి స్కూలెందుకు మాన్పించావంటాడు వేణు. హిందూపురం నుంచి మా చెల్లెలు పవిత్ర ఒక అమెరికన్ కరికులమ్ పీడీఎఫ్ పంపింది. మెసపొటేమియాతో మొదలు. మ్యాపులు, యాక్టివిటీలు, రంగురంగుల బొమ్మలు. జిరాక్స్ షాపు ఈరప్ప మూడు వందల పేజీలు తీస్తూ, గ్రూప్ టూ రాస్తున్నారా మేడమ్ అని అడిగాడు. అవునన్నాను.

మే 4, మధ్యాహ్నం

రాయకూడదనుకున్నాను. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను?

ఫిబ్రవరి యూనిట్ టెస్టులో చేతివృత్తుల వారి జీవనం గురించి ఐదు వాక్యాలు అడిగాను. అందరూ నేను బోర్డు మీద రాసిచ్చిన ఐదే రాశారు. గీత వాళ్ళ అవ్వ గురించి, అంటే మా అత్తమ్మ గురించి రాసింది. అవ్వ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తుందట. సాయంత్రం లేవాలంటే గీత చెయ్యి అందించాలట. పెళ్ళిచీరలు నేసే అవ్వకు ఒక్క పట్టుచీరే ఉందట.

టీచర్ కూతురికి మార్కులు ఊరికే పడతాయని స్టాఫ్‌రూమ్‌లో గుసగుసలు. వాళ్ళ నోళ్ళు మూయించాలి కదా. ఆ జవాబు క్లాసులో పైకి చదివాను, గొంతు మార్చి మరీ. ఇది హిస్టరీ కాదు, మీ ఇంటి సంగతి, అని సున్నా వేశాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ తర్వాత అది క్లాసులో నోరు విప్పలేదు. వారానికి మూడు రోజులు కడుపునొప్పి.

ఆ స్కూలు బాగాలేదు. నేను మహా బాగున్నాను.

మే 11

పెనుకొండ కోటకు తీసుకెళ్ళాను. కరికులమ్‌లో ఫీల్డ్ ట్రిప్ ఉంది మరి. పది ఖాళీలతో వర్క్‌షీట్ తయారుచేశాను. గీత గోడలవైపు తలెత్తకుండా నీడలో కూర్చుని పదీ నింపింది. పదికి పది కరెక్ట్. ఏమైనా అడగమంటే, బస్సు ఎన్ని గంటలకు అని అడిగింది.

మే 16

టైమ్‌లైన్ యాక్టివిటీ. గోడకు పొడుగ్గా దారం కట్టి శతాబ్దాల వారీగా కార్డులు తగిలించాలి. అత్తమ్మ చెల్లెలింటి పెళ్ళికి తాడిమర్రి వెళ్ళింది. చీర కోసేసిన మగ్గం మీద వంకాయరంగు పోగులు ఇంకా వేలాడుతున్నాయి. కత్తిరించి, దువ్వెనలాంటి అచ్చులోంచి గుప్పెళ్ళతో లాగి, ముడేసి కట్టాను. గీత గడపలో నిలబడి చూస్తోంది. గోడకు పట్టు దారం భలే అందంగా ఉంది.

మే 19

అత్తమ్మ వచ్చింది. మగ్గం చూసి నేలమీద కూర్చుండిపోయింది.

అవి పనికిరాని కొసలు కావట. చీర కోసినా పాత పోగుల్ని అచ్చులో అలాగే వదిలేస్తారట. కొత్త చీరకు పడుగు, అదే నిలువు పోగులు, వచ్చినప్పుడు ఒక్కో పోగునూ పాత పోగుకు అతికి ముందుకు లాగుతారట. ఇప్పుడు వేల పోగులు మొదటి నుంచి అచ్చులోకి ఎక్కించాలి. ఆ పని చేసే గంగాధరప్పకు పెళ్ళిళ్ళ సీజన్‌లో తీరికే లేదు. ఒప్పుకున్న చీర చేయిజారినట్టే. నేనీ ఇంటికి వచ్చి పదమూడేళ్ళు. ఇది నాకు తెలియదు. మగ్గం చప్పుడుకు తలుపు వేసుకోవడం మాత్రం బాగా తెలుసు.

అత్తమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఊరి పిల్లోల్లందరికీ పాఠాలు చెప్తివి. ఒక్కనాడన్నా ఈ గుంతలోకి తొంగి చూడకపోతివి గదమ్మా" అనింది.

గీతకు తెలుసు. కత్తిరించేటప్పుడు ఎందుకు చెప్పలేదే అని గట్టిగా అడిగాను. అది తాపీగా నా మొహంలోకి చూసింది.

"అది హిస్టరీ కాదు గదమ్మా. ఇంటి సంగతి."

మే 29

వారం నుంచి అవ్వా మనవరాలూ పోగులు ఎక్కిస్తున్నారు. గీత వెనకనుంచి ఒక్కో పోగు అందిస్తుంది, అవ్వ లాగుతుంది. ఒకటే మాటలు. నీకంటే ముందు ఈ గుంతలో ఎవరు కూర్చున్నారవ్వా, వాళ్ళకు ఎవరు నేర్పినారు, ఆ మనిషి యాడనుంచి వచ్చె, అప్పుడు కరెంటు ఉన్నిందా. ఇన్ని ప్రశ్నలు పదకొండేళ్ళలో ఏ క్లాసులోనూ వినలేదు. నోట్‌బుక్ తీసుకుని నేనూ వెళ్ళి కూర్చున్నాను.

గీత మాట ఆపేసింది. నోట్‌బుక్ మూసినా మొదలుపెట్టలేదు.

జూన్ 9

వేణు ఏ పుస్తకం ఖాయం చేశావని అడిగాడు. ఏదీ లేదు, అవ్వ దగ్గర మొదలుపెడదామనుకుంటున్నాను అన్నాను. నిజంగానే అన్నాను. ఆయన నవ్వకుండా పిల్లను పిలిచి, నువ్వేమంటావమ్మా అన్నాడు.

"హిందూపురం పోతా నాయనా. ఆడ టీచర్లు ఉత్త టీచర్లే గదా" అనింది.

గెలిచిన వేణు కూడా తల దించుకున్నాడు.

జూన్ 12

హాస్టల్లో దింపి వచ్చాను. గేటు దగ్గర గీత, అవ్వ మోకాళ్ళకు మందు రాయమని గుర్తుచేసింది. బ్యాగు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

జూన్ 15

గోడమీది కార్డులు తీస్తున్నాను. అన్నింటికంటే చివర నేను రాయనిది ఒకటి. గీత చేతిరాత.

"మే 16. అమ్మ పోగులు కత్తిరించింది."

తేదీ కరెక్ట్. దాన్ని తీయలేదు.