టమాటా తల తుంచిన రోజు

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేను, మోకాళ్లు మినహా. మీ తాతయ్య, గురకతో సహా. నువ్వూ బాగున్నానని రాశావు గాని తేదీ వేయలేదు. తేదీ లేకపోతే అది ఎప్పటి క్షేమమో నాకెలా తెలుస్తుంది? ఈసారి వేయి.

నీ ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. కిటికీలో టమాటానీ చామంతినీ పక్కపక్కనే పెట్టి రెంటినీ ఒకేలా చూసుకుంటున్నానని, అయినా టమాటా పూత రాల్చేస్తోందని, చామంతి ఆకులు తప్ప మొగ్గ వేయడం లేదని రాశావు. నీ తప్పంతా ఆ "ఒకేలా" అన్న మాటలోనే ఉంది. ఇద్దరు పిల్లలకు ఒకే కొలత చొక్కా కుట్టించినట్టుంది నీ పెంపకం.

గదిలో గాలి ఆడదు, తేనెటీగ రాదు. అందుకే టమాటా పూత నిలవడం లేదు. రోజూ పొద్దున పూత కొమ్మను వేలితో మెల్లగా తట్టు. పుప్పొడి రాలి కాయ కడుతుంది. ఆకు చంకలో మొలిచే పిల్ల కొమ్మల్ని జాలిపడకుండా గిల్లేయి. చామంతి సంగతి వేరు. దానికి పగటి వెలుతురు ఎంత ముఖ్యమో రాత్రి చీకటీ అంతే ముఖ్యం. నువ్వు దీపం వేసుకుని అర్ధరాత్రి దాకా చదువుతావు, అది ఇంకా పగలే అనుకుని మొగ్గ సంగతే మరిచిపోతుంది. సాయంత్రం దాని మీద ఒక అట్టపెట్టె బోర్లించు. నువ్వూ కాస్త తొందరగా పడుకో.

తుంచడంలోనూ తేడా ఉంది. చామంతి చిన్నగా ఉన్నప్పుడు తల తుంచితే గుబురు కడుతుంది. మొగ్గ తొడిగాక మాత్రం చేయి వేయకూడదు. వేస్తే ఆ ఏటికి పువ్వు మీద ఆశ వదులుకోవడమే. టమాటాకు సరిగ్గా తలకిందులు. చలి ముదరబోయే ముందు తల తుంచేస్తే, పైకి పోయే బలమంతా అప్పటికే ఉన్న కాయల్లోకి దిగుతుంది, అవి పండుతాయి. అంటే ఒకే వారంలో, ఒకే కత్తెరతో, ఒకదాన్ని తుంచాలి, రెండోదాన్ని తుంచకూడదు. ఈ వాక్యం ఇంకోసారి చదువుకో. మిగతా ఉత్తరమంతా దీని మీదే నడుస్తుంది.

సంతకం కింద చీమ తలకాయంత అక్షరాలతో నువ్వు ఇంకో ప్రశ్న కూడా రాశావు. "గోడావిడ ఎలా ఉంది?" అని. కనబడదనుకున్నావేమో. కళ్లజోడు మార్చాను.

పక్కింటావిడకు ఆ పేరు పెట్టింది మీ తాతయ్యే కదా. పొద్దున లేస్తే ఆవిడ తల మన గోడ మీద పూలకుండీలా ఉంటుందని. మనం కర్ర పాతితే ఆవిడా పాతుతుంది. మనం బూడిద చల్లితే ఆవిడా చల్లుతుంది. నేను వానకు తడిసిన గొడుగును మొక్కల మధ్య ఆరబెడితే, మర్నాడు ఆవిడ చామంతుల మధ్య ఎండలో ఒక గొడుగు వెలిసింది. మనం ఎంత నవ్వామో! అప్పుడు మనకు అది నవ్వులాట.

పోయినేడు పూల పోటీలో అదే మనిషి హాలు నిండా జనం ముందు నిన్ను వేలెత్తి చూపించింది. నీ బల్ల మీద నువ్వు రెండేళ్లు పెంచిన ఎర్రంచు చామంతి, ఆవిడ బల్ల మీదా అలాంటిదే ఒకటి. "ఈ పిల్ల మా పెరట్లో పిలక పీక్కెళ్లింది, దొంగ" అంది. నీ పువ్వును బల్ల మీంచి తీసి కుర్చీ కింద పెట్టారు. నెల తిరక్కుండా దూరాన ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయావు. మళ్లీ ఈ గడప తొక్కలేదు. పని ఎక్కువ అంటావు. పని కాదని నాకు తెలుసు. ఆ హాలు ముందు నుంచి నడవాలంటే నీకు కాళ్లు రావు.

నువ్వు మరిచిపొమ్మని రాశావు. నేను మరిచిపోలేదు.

ఇప్పుడు, ఇంతసేపూ ఆపిన మాట. ఈ ఏడు పోటీకి నెల ముందు, మన టమాటా కుండీలన్నీ మోయించి గోడ పక్కన వరసగా పెట్టించాను. మీ తాతయ్య నడుము పట్టుకుని, "ఇక్కడ ఎండ కూడా సరిగ్గా పడదు కదే" అన్నారు. "ఎండ కోసం కాదు" అన్నాను. నువ్వు వదిలి వెళ్లిన ఎర్రంచు చామంతిని మాత్రం వంటింటి వెనక పెట్టాను, గోడ మీంచి కనబడని చోట. మర్నాడు పొద్దున ఆవిడ తల లేచేదాకా ఆగి, పెద్ద కత్తెర తీసుకుని, ఒక్కో టమాటా తల టక్కుమనేలా తుంచాను. చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పనే. టమాటాకు.

మధ్యాహ్నానికి ఆవిడ కత్తెరతో తన మళ్లలోకి దిగింది. చామంతుల నిండా సెనగ గింజంత మొగ్గలు. మొదటి మొక్క తల తెగింది. నేను అరుగు మీద టీ తాగుతున్నాను. "ఆగండి" అని ఒక్క మాట అంటే ఆగేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కుర్చీ కింద నీ పువ్వు గుర్తొచ్చింది. టీతో పాటు ఆ మాటనూ మింగేశాను. చివరి మడి దాకా చూశాను. టీ చల్లారిపోయినా తాగాను.

సిగ్గుపడాలేమోనని ఆ రాత్రి నాలో సిగ్గు కోసం వెతికాను. దొరకలేదు.

పోటీ రోజు ఆవిడ బల్ల మీద ఆకులు. పచ్చగా, నిగనిగలాడుతూ, ఆకులే. అందరిముందుకూ ఖాళీ చేతులతో రాలేక, పూలు రేపోమాపో విచ్చుకుంటాయని చెప్పి తెచ్చింది. పోయినేటిలాగే ఈసారీ తీర్పు చెప్పడానికి వచ్చిన నర్సరీ ఆయన కొమ్మ తిప్పి చూసి, "మొగ్గ తొడిగాక తల తుంచమని మీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు.

"చెప్పడమేంటి? ఈవిడ తుంచింది, నేను కళ్లారా చూశాను!" అని నన్ను చూపించింది.

నేను లేచి నిలబడ్డాను. "నేను తుంచింది టమాటాలండీ" అన్నాను.

హాలంతా గొల్లున నవ్వింది. వెనక వరసలోంచి మీ తాతయ్య, "మరి ఆ గొడుగు సంగతేంటండీ?" అన్నారు.

"గొడుగూ మీరు పెడితేనే పెట్టాను!" అని అరిచింది ఆవిడ. కోపంలో మనిషికి ఏం మాట్లాడుతున్నదీ తెలియదు.

నర్సరీ ఆయన నవ్వలేదు. "అన్నీ వాళ్లను చూసే చేస్తారన్నమాట. మరి పోయినేటి ఎర్రంచు పిలక ఎవరిది?" అన్నాడు.

"ఆ పిల్లే కుండీ మారుస్తూ గోడ పక్కన పారేసింది. పారేసిందాన్ని తీసుకుని నాటుకుంటే తప్పా?"

ఆ మాట బయటికొచ్చాక గాని అదేమిటో ఆవిడకు అర్థం కాలేదు. అప్పుడు నీ కుండీ బల్ల మీద పెట్టాను, తొమ్మిది ఎర్రంచు పూలతో, నీ పేరు చీటీతో. కుర్చీ కింద నుంచి బల్ల మీదికి రావడానికి దానికి ఏడాది పట్టింది.

ఇంటికెళ్లి అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆవిడ మళ్లన్నీ పీకి పారేసింది. కోపం దిగాక నిన్న సాయంత్రం మన గేటు దగ్గరికి వచ్చింది. "మీకు దణ్ణం పెడతాను, ఒక్క పిలక ఇప్పించండి. పెరడు చూడలేకపోతున్నాను" అంది.

"మొక్క నాది కాదండీ" అన్నాను.

"మరెవరిది?"

"ఎవరిదో మీరే చెప్పాలి."

గేటు కమ్మీని గట్టిగా పట్టుకుంది. చివరికి, "మీ మనవరాలిదే" అంది.

"వినబడలేదు" అన్నాను. వినబడింది. మళ్లీ చెప్పించాను. ఎదురింటివాళ్లకు కూడా వినబడేలా.

ఇక నువ్వు రాకపోవడానికి కారణం లేదు. సెలవు పెట్టి రా. ఆ హాలు ముందు నుంచే నడిచి రా, సందులోంచి కాదు. పిలక ఇవ్వాలో వద్దో నీ ఇష్టం. నన్నడిగితే ఇవ్వొద్దంటాను, కానీ మొక్క నీది. అప్పటిదాకా నీ కుండీని వంటింటి వెనక నుంచి తెచ్చి గోడ దగ్గర పెట్టాను. ఆవిడకు బాగా కనిపించేంత దగ్గరగా, చేయి చాచినా అందనంత దూరంగా.

ఇట్లు,
నీ రాకకు గేటు గడియ తీసి ఉంచిన
అమ్మమ్మ