మామ తట్టిన గోడ

ప్రొద్దుటూరు

గురునాథం మామకు మేనల్లుడి నమస్కారాలు.

ఏసీ లేకుండానే కొత్తిల్లు చల్లగా ఉండాలని, గోడల్లో ఇటుకల మధ్య ఖాళీ వదిలి కట్టిస్తున్నానని మీకు ముందే చెప్పాను. అయినా నాలుగు నెలల కిందట పులివెందుల నుంచి వచ్చినప్పుడు మీరు గోడను టెంకాయ తట్టినట్టు తట్టి, కూలీలందరి ముందర "ఏంది మేస్త్రీ, గోడంతా డొల్లగా పలుకుతాంది. మావోణ్ని మోసం చేస్తాండావా?" అన్నారు.

మేస్త్రి మౌలాలి పౌరుషం గల మనిషి. మీరు బస్సెక్కినాక, నాకు చెప్పకుండా పడమటి గది గోడల్లోని ఖాళీ అంతా కంకర, సిమెంటు కలిపి కూరేశాడు. అడిగితే, "ఇప్పుడొచ్చి తట్టమనప్పా మీ మామను" అన్నాడు. పగలగొట్టించబోతే గడ్డపారే వంగింది.

ఇప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా ఇల్లంతా చల్లగా ఉంటోంది, ఆ ఒక్క గది తప్ప. మా ఆవిడ అందులో వడియాలు ఎండబెడుతోంది.

వచ్చే శుక్రవారం గృహప్రవేశం. మీరూ అత్తా తప్పకుండా రావాలి. అత్తకు హాల్లో పడక వేయిస్తాను. మీకు మాత్రం ఆ గట్టి గోడల గదే. పడుకుని ఎంతసేపైనా తట్టి చూసుకోవచ్చు.

మీరొచ్చేసరికి వడియాలు తీయించేస్తాను.

మీ మేనల్లుడు