ఖాళీ టేపులో దగ్గు

చిన్నతల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఆ మాట రాయకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు కాబట్టి రాశాను. మిగతాది చదివి నువ్వే తేల్చుకో.

"సిగరెట్లు మళ్ళీ ముట్టుకోలేదు కదా?" అని అడిగావు. ఒట్టు, ముట్టుకోలేదు. ఏడాదిన్నర అయింది. డెబ్భై ఏళ్ళొచ్చాక మానేయడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే కదా అని డాక్టరుతో అన్నాను. ఆయన నవ్వలేదు. "ఏ వయసులో మానేసినా లాభమే పెద్దాయనా. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఏడాదికేడాది తగ్గుతూ వస్తుంది. అసలు తాగనివాళ్ళంత తక్కువకి మాత్రం రాదు, అందుకే చూపించుకుంటూ ఉండండి" అన్నారు. నలభై ఏళ్ళు నాతో కాపురం చేసిన దగ్గు నాలుగు నెలల్లో వెళ్ళిపోయింది. గెలిచాననే అనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. రిపేరుకొచ్చిన టేప్ రికార్డర్ బాగుచేశాక నేనేం చేస్తానో నీకు తెలుసు. కొత్త టేపు పెట్టి, దుకాణంలో నోరు మూసుకుని కూర్చుని, ఐదు నిమిషాల నిశ్శబ్దం రికార్డు చేస్తాను. తర్వాత హెడ్‌ఫోన్ తగిలించుకుని, సౌండ్ పూర్తిగా పెంచి వింటాను. చెవులు సగం పోయినా, అలా వింటే మోటారు గొణుగుడు దొరికిపోతుంది. రెండు నెలల క్రితం ఆ నిశ్శబ్దంలో దగ్గు వినిపించింది. మూడు పొట్టివి, ఒకటి పొడుగుది. అచ్చం నా పాత దగ్గే. ఆ ఐదు నిమిషాలూ నేను దగ్గలేదు.

టేపు మార్చాను. టేపు ఆనే హెడ్ తుడిచాను. వేరే మిషన్ పెట్టి చూశాను. ప్రతిసారీ ఉంది, రోజురోజుకీ మైకుకి ఇంకాస్త దగ్గరగా. నేను వదిలేసినా అది నన్ను వదల్లేదనీ, ఆ గదిలోనే ఎక్కడో కూర్చుని నాకోసం కాచుకుని ఉందనీ అనిపించేది. వినగానే చెరిపేసేవాణ్ణి. ముసలాడికి పిచ్చి ముదిరిందంటావని నీకు రాయలేదు.

పోయిన వారం ఆ దగ్గు తర్వాత ఇంకో చప్పుడు పడింది. మందు సీసా మూత తిప్పిన చప్పుడు. ఆ వెంటనే మీ అమ్మ గొంతు, తనలో తను అనుకుంటున్నట్టు: "వినలేదులే."

దుకాణం వెనక చెక్కగోడకి అవతల అమ్మ కుట్టుపని గది. మైకు ఆ గోడకే వేలాడుతుంది. నా ఎదురుగా బిగబట్టుకుని, అక్కడికి వెళ్ళి దగ్గుతోంది. ఒక్క సిగరెట్టు తాగని మనిషి తల్లీ. నలభై ఏళ్ళు నా పొగ పక్కన కూర్చుంది, అంతే. రెండు నెలలుగా ఆ దగ్గు నా చెవిలో పడుతుంటే, నేను రోజూ చెరిపేస్తూ వచ్చాను. పాపం నాది. చాలా భయంగా ఉంది.

అడిగితే జలుబంటుంది, ఆసుపత్రికి రానంటుంది. అందుకే సోమవారం నాకు స్కాన్ ఉందని, ఒక్కణ్ణే వెళ్ళలేనని అబద్ధం చెప్పాను. అక్కడ రాయించింది ఆవిడ పేరు. ఆ రోజుకి నువ్వు రావాలి. ఇప్పుడు మీ అమ్మ పక్కగదిలో, "మీకేం కాదులెండి, నేనున్నాగా" అంటూ, నేను తొడుక్కెళ్ళాల్సిన చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

ఇట్లు,
మీ నాన్న