ఫలెసి బెంచీ

జోంబా, మంగళవారం

అక్కా, నేను క్షేమం. ఈ శనివారం మాత్రం ఇంటికి రాలేను.

నేను టీచర్ల పాఠాలు చూడ్డానికి వచ్చిన ఇక్కడి బడిలో ఫలెసి అని ఎనిమిదో తరగతి పిల్ల. ఒంట్లో రంగు లేకుండా పుట్టింది, దూరం చూపు ఆనదు. అలాంటి పిల్లను చివరి వరసలో కూర్చోబెట్టారు! ఇదేమిటని అడిగితే కలిమంజిర మాస్టారు నవ్వాడు.

"ఎత్తును బట్టి వరసలు మేడమ్. ఈ పొడుగుమనిషి ముందు కూచుంటే వెనకవాళ్ళకి బోర్డు కనబడొద్దూ? ఈమెకి ఎక్కడైనా ఒకటే."

"ఒకటి కాదు సార్. ముందుకొస్తే కనిపిస్తుంది" అంది ఫలెసి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇలాంటి పిల్లలకు ఎలా చదువు చెప్పాలో కాలేజీలో ఇతనికి నేర్పింది నేనే, ఫస్టు క్లాసు మార్కులు వేసిందీ నేనే. ఏం నేర్పానో ఏమో! బెంచీ నేనే లాక్కొచ్చి ముందు గోడవార వేశాను. ఫలెసి కూర్చుని బోర్డు చూసి, "తేదీ నిన్నటిది సార్" అంది. క్లాసంతా గొల్లుమంది.

నేను బస్సెక్కిన మర్నాడే ఆ బెంచీ వెనక్కి పోతుంది. నెలాఖరున జరిగే హైస్కూలు ప్రవేశ పరీక్ష తప్పితే పిల్ల చదువు ఆగినట్టే. అది రాసేదాకా ఇక్కడే ఉంటాను, బెంచీ ఎవరు జరుపుతారో చూస్తాను.

అమ్మ మోకాలు ఎలా ఉంది? మొక్కజొన్న ఎండిందా? నా పెద్ద అంచు టోపీ పంపు. ఫలెసికి ఎండ పడదు, అయినా రోజూ ఐదు మైళ్ళు నడిచొస్తోంది. పిల్లలకు దీవెనలు.

నీ చెల్లెలు
టమాండా